డ్రైవరుగారి కుడికాలు

ముందు మా నాన్న కుడికాలి గురించి చెప్పాలి. ఏళ్ళ తరబడి బస్సు బ్రేకు మీద ఉండి ఉండి, ఆ కాలికి బ్రేకు వ్యసనమైపోయింది. ఆటో ఎక్కినా, చుట్టాల కారెక్కినా, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే చాలు, నడిపేవాడికంటే ముందు ఆ కాలు నేలను తొక్కేసేది. ఇంకొకరు నడిపే బండిలో నాన్న కునుకు తీయడం మేమెవరమూ చూడలేదు. పెళ్ళికి వెళ్ళే బస్సులో అందరూ నోళ్ళు తెరుచుకుని నిద్రపోతుంటే, ఆయనొక్కడే ముందు సీట్లో నిటారుగా కూర్చుని, లేని బ్రేకుని తొక్కుకుంటూ వచ్చేవాడు.

అదే బస్సులో అమ్మ కండక్టరు. ఆవిడ విజిల్ కొడితే బస్సు ఆగేది, "రైట్ రైట్" అంటే కదిలేది. ఆ రూటు మొత్తానికీ ఆవిడ విజిలమ్మ. ఎవరు ఎక్కడ దిగాలో టిక్కెట్టు చూడకుండా చెప్పేది. నిద్రపోయినవాళ్ళ భుజం తట్టి, "లెండి లెండి, మీ స్టాపొచ్చింది. ఇల్లు దాటిపోతే మీ ఆవిడ నన్నంటుంది" అని లేపేది. ఆవిడ బస్సులో స్టాపు దాటి పోయినవాడు లేడని డిపోలో చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో కూడా వీళ్ళిద్దరూ ఒకరినొకరు డ్రైవరుగారూ, కండక్టరుగారూ అనే పిలుచుకునేవాళ్ళు. కోపం వచ్చినప్పుడు ఆ "గారు" మరింత గట్టిగా పలికేది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఇద్దరి పనీ పోయింది. డ్రైవర్ల చేతికే టిక్కెట్ల మిషన్లు ఇచ్చి కండక్టర్లను ఇంటికి పంపేశారు. ఆ వెనకే కళ్ళ పరీక్ష వచ్చింది. చక్కెర జబ్బు నాన్న చూపుని ఎప్పటినుంచో కొరుకుతోందట. స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు మెత్తగానే చెప్పాడు. ఇంటికొచ్చిన నాన్న కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడూ అదే కుర్చీలో కూర్చున్నాడు. టీవీ పెడితే చూడడు, తీసేస్తే అడగడు. వీధిలో బస్సు పోతే మాత్రం తలెత్తి, "సెకండులో వేయాల్సింది, థర్డులో లాగుతున్నాడు" అని గొణుక్కునేవాడు.

అమ్మకి బట్టల షాపులో కౌంటరు పని ఉందన్నారు. ఒకరోజు వెళ్ళి కూర్చుని వచ్చింది. "కదలని చోట కూర్చుంటే నాకు ఊపిరాడదే" అంది. సింకు దగ్గర గిన్నెలు తోముతూ, మాతో కాదన్నట్టు, "యాప్‌లో కార్లు నడుపుతున్నారుగా ఆడవాళ్ళు, నేనూ నడుపుతాను" అంది.

నాన్న పకపకా నవ్వాడు. ఆయన నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. అమ్మ మాత్రం నవ్వలేదు. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

ఆ మాట మెకానిక్ బాబాయి చెవిన పడింది. నాన్నతో పాటు డిపోలో పనిచేసి, బయట షెడ్డు పెట్టుకున్న మనిషి. సాయంత్రానికల్లా ఒక తెల్ల కారు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. "వదినా, వానలు మొదలయ్యేదాకా ఇది మీ దగ్గరుంటుంది. ఆలోపు యాప్‌లో డ్రైవరుగా ఎక్కావా, కారు నీది, నెమ్మదిగా తీర్చుకుందువుగాని. ఎక్కలేదా, కొనేవాడొకడు కాచుకుని ఉన్నాడు, వాడికిచ్చేస్తా. ఏమనుకోకు, నాకూ సంసారముంది."

"ఏమనుకుంటాను. తాళాలివ్వు" అంది అమ్మ.

అమ్మకి లైసెన్సు లేకపోలేదు. పెళ్ళయిన కొత్తలో నాన్న ముచ్చటపడి తీయించాడు. అప్పట్లో ఎలా ఇచ్చారో అడక్కండి. ఆనాటి నుంచీ అది బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. కానీ జనాన్ని ఎక్కించుకుని నడపాలంటే దాని మీద ఇంకో పరీక్ష పాసవ్వాలి. నేర్పేది ఇంకెవరు? కళ్ళు మసకైనా చెవులు పనిచేస్తున్నాయిగా అన్నాడు నాన్న. ఇంజను మోత విని గేరు చెప్పగలడు. మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో, ఎండెక్కకముందే ముగ్గురం దిగేవాళ్ళం. నాకు సెలవులు కాబట్టి వెనక సీటు నాది.

మొదటి రోజు కారు కదలనే లేదు. ఇంజను నడుస్తోంది, గేరు పడింది, అమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని శిలలా కూర్చుంది.

"పోనివ్వవేం?" అన్నాడు నాన్న.

"మీరు చెప్పందే?"

"చెప్పాగా, క్లచ్చు వదలమని!"

"అది కాదండీ. రైట్ రైట్ అనాలిగా ఎవరో ఒకరు."

వెనక నుంచి నేనే అన్నాను. కారు కప్పలా గెంతి ఆగిపోయింది.

నాన్న పాఠం చెప్పే పద్ధతి మీకు తెలియాలి. తప్పు చేస్తే అరిచేవాడు, సరిగ్గా చేస్తే ఇంకేదో గుర్తొచ్చి అరిచేవాడు. ఒకరోజు మాటా మాటా పెరిగి, అమ్మ కారాపి, అటు వంగి ఆయన వైపు తలుపు తీసింది.

"దిగండి డ్రైవరుగారూ."

"ఏంటీ?"

"బస్సులో గొడవ చేసేవాళ్ళని దించేసే హక్కు కండక్టరుకుంది. దిగండి."

నాన్న నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పాపం, దిగి ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకరికొకరు వడ్డించుకుని, ఏమీ జరగనట్టు తిన్నారు.

అయినా అమ్మకి చేయి తిరిగింది. వీధుల్లోకి వచ్చింది, మలుపులు బాగా తిప్పింది, ఎక్కడా తడబడకుండా ఆపింది. పరీక్ష రోజున నాన్న కొత్త చొక్కా వేసుకుని లైసెన్సు ఆఫీసు గోడ పక్కన నిలబడ్డాడు. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు ఎక్కాడు, కారు వెళ్ళింది. చాలా తొందరగా తిరిగొచ్చింది. ఆగాల్సిన గీత మీద ఆగకుండా అమ్మ దాటేసిందట. అదీ ఒకసారి కాదు.

ఆ రోజు అన్నాలు తినేటప్పుడు అమ్మే కంచంలో వేళ్ళు కదిలిస్తూ చెప్పింది.

"ఇన్‌స్పెక్టరు కాలు కదల్లేదు."

"కాలేంటమ్మా?" అన్నాను.

"నేనిన్నాళ్ళూ రోడ్డు చూసి ఆపలేదే. మీ నాన్న కాలు చూసి ఆపాను. ఆయన కాలు తొక్కితే నేనూ తొక్కేదాన్ని. ఆ ఇన్‌స్పెక్టరుగారి కాలు హాయిగా చాపుకుని ఉంది. నేనేం చెయ్యను?"

నాకు నవ్వొచ్చింది, కానీ నాన్న ముఖం చూసి మింగేశాను. ఆయన తన కాలి వైపే చూసుకుంటున్నాడు. ఆ కాలే ఎంతమందిని క్షేమంగా ఇళ్ళకి చేర్చింది. ఇప్పుడదే అమ్మకి అడ్డం వచ్చింది.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ వెనక్కి వెళ్ళాక నాన్న కారెక్కలేదు. ఆ చివరిదాకా నడిచి వెళ్ళి, కారు వచ్చే దారికి అడ్డంగా నిలబడ్డాడు. అక్కడ నుంచి ఆయనకి మేము తెల్లటి మచ్చలా కనిపిస్తామేమో, అంతే.

"రా!" అని కేకేశాడు. "విజిల్ ఉండదు. కాలు కనపడదు. నేనున్నాను. చూసి ఆపు."

"మీకేమైనా పిచ్చా? తప్పుకోండి!" అంది అమ్మ.

"రమ్మంటుంటే!"

స్టీరింగు మీద అమ్మ వేళ్ళు తెల్లబడటం వెనక నుంచి నాకు కనపడుతోంది. నేను రైట్ రైట్ అనలేదు. ఎవరూ అనకుండానే అమ్మ క్లచ్చు వదిలింది. కారు కదిలింది, వేగం అందుకుంది. నాన్న కదల్లేదు, చేతులు కట్టుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. నేనే మూసుకున్నాను.

తెరిచేసరికి కారు ఆగి ఉంది. నాన్న బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, బస్సు దిగాక దాని ముఖం తడిమినట్టు తడుముతూ.

"బాగా దూరంలో ఆపేశావు. అంత భయం పనికిరాదు" అన్నాడు. "వెనక్కెళ్ళు. ఇంకోసారి."

ఆ వారమంతా అదే పాఠం. నాన్న కారు ఎక్కనే లేదు. అమ్మ రెండోసారి పరీక్ష పాసైంది.

పరీక్ష పాసైతే డ్రైవరైపోతామనుకున్నాం, అమాయకులం. ఆ తర్వాత మొదలైంది అసలు తిరుగుడు. డాక్టరు కాగితం కావాలి. పోలీసువాళ్ళు వచ్చి, ఈవిడ ఎలాంటి మనిషని పక్కింటివాళ్ళని అడిగి వెళ్ళారు. "మంచావిడే, కానీ గొంతెక్కువ" అని పక్కింటావిడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కారుని ఒక కుర్రాడు అటు తిప్పి ఇటు తిప్పి, టైర్ల గాడులు తడిమి, వెనక బెల్టులు లాగి చూసి బాగుందన్నాడు. ఆఖరికి ఫోటో దగ్గర ఆగిపోయింది. తీసిన ప్రతిసారీ యాప్ తిప్పికొట్టింది. ఎందుకో అర్థంకాక జుట్టు పీక్కుంటే, తీరా చూస్తే ప్రతి ఫోటోలోనూ అమ్మ పక్కన నాన్న భుజం ఉంది. ఒక్కరే కనపడాలట. నాన్నని వీధి చివరికి పంపి తీశాం. అందులో అమ్మ ఎవరినో వెతుకుతున్నట్టు కాస్త పక్కకి చూస్తోంది. అదే నచ్చింది యాప్‌కి.

మొదటి ట్రిప్పు మోగినప్పుడు అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నాన్న గేటు దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా మోత విన్నాడు. "సెకండు" అన్నాడు. కాసేపటికి, "థర్డు. సరిగ్గా వేసింది" అన్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం అమ్మ ఇంటికొచ్చి, ఫోన్ నా ముందు పెట్టి, "ఇది మోగట్లేదే అమ్మడూ, పాడైందేమో చూడు" అంది. చూశాను. ఫిర్యాదు వచ్చిందనీ, ఖాతా ఆపేశామనీ, ఆఫీసుకి వచ్చి కలవమనీ ఉంది.

"ఏం చేశావమ్మా?"

"ఏం చేశాను? ఎక్కించుకున్నాను, దించాను."

"ఎవర్ని?"

"బుక్ చేసినావిణ్ణి."

"ఆవిడొక్కర్తినేనా?"

అమ్మ మంచినీళ్ళు తాగింది. "స్టాపులో ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది, నిలబడలేకపోతున్నాడు. ఒక చంటిపిల్ల తల్లి కూడా ఉంది. మూడు సీట్లు ఖాళీ పెట్టుకుని వాళ్ళ ముందు నుంచి ఎలా పోతాను?"

"ఆ బుక్ చేసినావిడ ఏమీ అనలేదా?"

"కొంచెం జరగండమ్మా అన్నాను. జరిగింది."

నాన్నకి పొలమారింది. నవ్వుతో ఉక్కిరిబిక్కిరవుతూనే కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. అటు చివర నల్లటి మబ్బొకటి పట్టి ఉంది. నవ్వు ఆగిపోయింది. వానల్లోపు ఖాతా తెరుచుకోకపోతే కారు పోయినట్టే. కొనేవాడు రోజూ బాబాయికి ఫోన్ చేస్తున్నాడని మాకు తెలుసు.

కంపెనీ ఆఫీసులో నా ఈడు అమ్మాయే కూర్చుని ఉంది. కసురుకుంటుందేమోనని భయపడ్డాం గానీ, కుర్చీ చూపించి నిదానంగా చెప్పింది. "అమ్మా, బండి మొత్తం ఆవిడ బుక్ చేసుకుంది. ఒంటరిగా వెళ్ళే ఆడమనిషి. ఎవరో తెలియనివాళ్ళు పక్కన వచ్చి కూర్చుంటే భయం వేయదా? ట్రిప్పు అయ్యేదాకా ఖాళీ సీట్లు కూడా ఆవిడవే."

అమ్మ వాదిస్తుందనుకున్నాను, ఆవిడకి అది కొత్తేమీ కాదు. కానీ, "భయం సంగతి నాకు తోచలేదమ్మా. నా బస్సులో ఎవరూ భయపడేవాళ్ళు కాదు, నేనుండేదాన్నిగా. తప్పు నాదే" అంది. మళ్ళీ, "ట్రిప్పు అయిపోయాక? అప్పుడు సీట్లెవరివి?" అని అడిగింది.

"అప్పుడు బండి మీదే కదమ్మా. మీ ఇష్టం. వాళ్ళ దగ్గర డబ్బులు మాత్రం తీసుకోకూడదు."

"సరే" అంది అమ్మ. కొత్త డ్రైవర్లకి చెప్పే క్లాసు మళ్ళీ వినాలన్నారు. కుర్రాళ్ళ మధ్య ముందు బెంచీలో కూర్చుని మొదటి నుంచీ విన్నది. ఖాతా తిరిగి తెరిచారు.

ఆ తర్వాత అమ్మని చూసి నాకు గర్వమేసింది, ఎందుకో చెబుతాను. క్లచ్చు నేర్చుకున్నందుకు కాదు. అది ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇన్నేళ్ళూ చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా బస్సుని ఆపించిన మనిషి, ఇప్పుడు ఖాళీ సీట్లతో బస్‌స్టాపుల ముందు నుంచి పోవడం నేర్చుకుంది. "స్టాపు వస్తుంటే చెయ్యి దానంతటదే ఎడమకి తిప్పబోతుందే. బలవంతాన పట్టుకుంటాను" అనేది. ఇచ్చిన మాట తప్పలేదు. ఎక్కినవాళ్ళు ఆవిడ బండి గురించి మంచి మాటలు రాశారు. "అమ్మ దగ్గర కూర్చున్నట్టుంది" అని ఎవరో రాస్తే నాన్న నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. ఆయన మాత్రం ఎక్కలేదు. ఎంత పిలిచినా, "నా కాలు మంచిది కాదు, వద్దు" అనేవాడు.

వానలకి ముందు కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. నాన్న నన్ను పక్కకి పిలిచాడు.

"బుక్ చెయ్యి."

"అమ్మ బయటే ఉంది కదా నాన్నా, ఎక్కితే సరిపోతుంది."

"ఊరికే ఎక్కను. ఆవిడ డ్యూటీలో ఉంది. పద్ధతిగా బుక్ చెయ్యి."

బుక్ చేశాను. గుమ్మం ముందున్న కారులోనే ఫోన్ మోగింది. అమ్మ కిటికీ దించి, గట్టిగా, "నంబరు చెప్పండి" అంది. నాన్న ఫోన్లో వచ్చిన నంబరు నా చేత చదివించుకుని వల్లె వేశాడు. వెనక సీట్లో నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు మొదటి మలుపు దగ్గరే ఆయన కుడికాలు నేలని తొక్కింది. అద్దంలో అమ్మ చూడలేదు, రోడ్డునే చూస్తోంది. నేను చూశాను.

ఆసుపత్రిలో చుక్కలు వేసి, నల్లద్దాలు పెట్టి, ఇల్లు చేరేదాకా కళ్ళు మూసుకోమన్నారు. తిరిగొచ్చేటప్పుడు కళ్ళయితే మూసుకున్నాడు గానీ కాలు మేలుకునే ఉంది. సిగ్నల్ దగ్గర తొక్కింది. సందులోంచి మోటారుసైకిలు అడ్డం వచ్చినప్పుడు, హారన్ విని తొక్కింది. అమ్మ అప్పటికే ఆపేసింది. వంతెన ఎక్కాక ఒకసారి మెల్లగా కదిలింది. ఆ తర్వాత ఎక్కడ ఆగిపోయిందో నేను గమనించలేదు. చూసేసరికి పాదం పక్కకి వాలి ఉంది, చెప్పు సగం ఊడి ఉంది, నాన్న తల కిటికీకి ఆనుకుని ఉంది. చిన్నగా గురక.

మాట్లాడకుండా ముందుకి వంగి అమ్మ భుజం తాకాను. ఆవిడ అద్దంలో చూసింది.

మా వీధి వచ్చింది. ఇల్లు వచ్చింది. అమ్మ కారాపి, ఫోన్ మీద వేలు పెట్టి ట్రిప్పు ముగించింది. నేను నాన్నని లేపబోతే, వద్దన్నట్టు వేలు చూపించింది. తన బస్సులో ఒక్కడినీ స్టాపు దాటనివ్వని విజిలమ్మ, గేరు వేసి, మా ఇల్లు దాటించేసింది.

పెద్ద రోడ్డెక్కేసరికి అద్దం మీద చినుకులు పడ్డాయి. ఆ ఏటి మొదటి వాన. కొనేవాణ్ణి వేరే బండి చూసుకోమని బాబాయి ముందురోజే చెప్పేశాడు. బస్‌స్టాపులో జనం సంచులు నెత్తిన పెట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. అమ్మ చెయ్యి ఈసారి ఎడమకి తిరిగింది, ఆవిడ పట్టుకోలేదు. నన్ను ముందు సీట్లోకి రమ్మని, కిటికీ దించింది.

"రండి, తడవకండి. డబ్బులేం వద్దు. ఇద్దరికి చోటుంది. మెల్లగా ఎక్కండి, చప్పుడు చెయ్యకండి, డ్రైవరుగారు పడుకున్నారు."

ఒక ముసలమ్మ, వెనక ముసలాయన. ముసలమ్మ ఎక్కి సర్దుకుంది. ముసలాయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, నల్లద్దాలు పెట్టుకుని గురక పెడుతున్న నాన్నని చూసి ఆగిపోయాడు.

"డ్రైవరు పడుకుంటే బండి ఎవరు నడుపుతారమ్మా?"

అమ్మ వెనక్కి తిరిగింది. ముందు నాన్నని చూసింది, ఆ తర్వాత ముసలాయన్ని.

"నేను" అంది.

ముసలాయన ఎక్కి తలుపేసుకున్నాడు. ఆ చప్పుడుకి నాన్న గురక ఆగింది. కళ్ళు తెరవలేదు, తల ఎత్తలేదు. కాలు కూడా కదపలేదు. నిద్రలోనే అన్నాడో, మెలకువతోనే అన్నాడో ఈ రోజుకీ తెలియదు.

"రైట్ రైట్" అన్నాడు నాన్న.